ఆరేళ్లు, 168 ట్యూబులు: తామర మలాం మీద నా రివ్యూ

వస్తువు 15 గ్రాముల ట్యూబు. తెల్లటి మలాం, వాసన పెద్దగా ఉండదు, జిడ్డు తక్కువ, చొక్కాకు మరక పడదు. నేను కొన్న రోజుల్లో 80 నుంచి 100 రూపాయల మధ్య ఉండేది. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే మందును చాలా కంపెనీలు రకరకాల పేర్లతో అమ్ముతున్నాయి. ఒక పేరు రాస్తే మీరు దాన్ని వదిలేసి పక్కనున్న ఇంకో పేరు కొంటారు, లోపల మందు మాత్రం అదే ఉంటుంది. అందుకే మందుల పేర్లు రాస్తాను, ట్యూబు పేరు రాయను.

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో గుమాస్తాను. పంతొమ్మిదేళ్లుగా తక్‌పట్టీలు (రైతుకు ఇచ్చే లెక్క చీటీలు) రాస్తున్నాను. మిర్చి సీజన్‌లో పొద్దున కాంటాలు మొదలైతే సాయంత్రం దాకా బస్తాల మధ్యనే ఉంటాను. మిర్చి ఘాటు, గోనె నూగు, చెమట మూడూ కలిసి ఒంటి మీద పడితే మంచి చర్మం ఉన్నవాళ్లకే జిల పెడుతుంది. నాకు చిన్నప్పటి నుంచి మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక, మెడ మీద దురద ఉంది. మా అమ్మకు దమ్ము (ఆస్తమా) ఉండేది. ఈ రెండింటికీ చుట్టరికం ఉందని నాకు నలభై దాటాక గానీ తెలియలేదు.

2017 ఏప్రిల్‌లో మడతల్లో చర్మం పగిలి రసి కారింది. మార్కెట్ నుంచి ఇంటికి పోయే దారిలో ఉన్న ఒక మెడికల్ షాపులో ఆగి, "తమ్మీ, తామర లేసింది, ఏదన్నా మలాం ఇయ్యి" అన్నాను. ఆ తమ్ముడు నా చెయ్యి చూడలేదు. అరలోంచి ట్యూబు తీసి కౌంటర్ మీద పెట్టాడు. "రెండు పూటల రాయి అన్నా, మూడు దినాల్ల సాఫ్ అయితది" అన్నాడు.

మూడు రోజుల్లో సాఫ్ అయింది. ఈ మాట రాయకపోతే నా రివ్యూ అబద్ధమవుతుంది. మొదటి రాత్రే దురద సగానికి తగ్గింది. ఏళ్ల తర్వాత మధ్యలో లేవకుండా తెల్లారేదాకా పడుకున్నాను. మూడో రోజుకు రసి ఆగింది, ఐదో రోజుకు చర్మం నున్నగా అయింది. అప్పటిదాకా అమ్మ చెప్పిన వేపాకు పసుపు నూరి పూసేవాణ్ణి, అది మండేదే గానీ తగ్గేది కాదు. ఈ ట్యూబు చూశాక, ఇంతకాలం ఎందుకు బాధపడ్డాను అనిపించింది. ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. ఇంత బాగా పనిచేసేదాన్ని ఎవరు అనుమానిస్తారు?

ఆపిన రెండు వారాలకు మళ్లీ వచ్చింది. మళ్లీ పూశాను, మళ్లీ పోయింది. మొదటి సంవత్సరం నెలకు ఒక ట్యూబు సరిపోయింది. తర్వాతి రెండేళ్లు నెలకు రెండు. ఆ తర్వాత మూడేళ్లు నెలకు మూడు. లెక్కలు రాసే పని నాది, కాబట్టి ఒక రోజు కూర్చుని ఈ లెక్క కూడా వేశాను. 12, 48, 108 కలిపితే 168 ట్యూబులు. 2520 గ్రాములు. రెండున్నర కిలోల మలాం నా ఒంటికి రాశాను. ట్యూబు సగటున 90 రూపాయలు అనుకుంటే 15,120 రూపాయలు. రూపాయల బాధ నాకు లేదు. ఆ గ్రాముల అంకె కాగితం మీద చూసుకున్నప్పుడు కాళ్లు వణికాయి.

చర్మం మారిన సంగతి నాకు నెమ్మదిగా తెలిసింది. ముందు మోచేతి మడతల్లో తెల్లటి చారలు వచ్చాయి, కాన్పు తర్వాత ఆడవాళ్ల పొట్ట మీద ఉండే చారల్లాంటివి. బరువు పెరిగి వచ్చాయేమో అనుకున్నాను. తర్వాత ముంజేతి మీద నరాలు మునుపటికంటే నీలంగా, దగ్గరగా కనపడటం మొదలైంది. ఏదైనా తగిలితే నల్లగా కమిలిపోయేది, ఎక్కడ తగిలిందో కూడా గుర్తుండేది కాదు. 2022 మార్చిలో బస్తా జరుపుతుంటే గోనె అంచు చేతికి రాసుకుంది. రోజుకు వందసార్లు రాసుకునేదే. ఆ రోజు మాత్రం అరంగుళం పొడవున తోలు లేచిపోయింది. పక్కనున్న హమాలీ మల్లన్న, "ఏందే అన్నా, నీ తోలు తడిసిన కాగితం లెక్క చినుగుతాంది" అన్నాడు. ఆ మాట నా మనసులో ఉండిపోయింది. అయినా ట్యూబు మానలేదు. మానితే దురద ఆగదని భయం.

అప్పటికి నేను దాన్ని ముఖానికి కూడా పూస్తున్నాను. మెడ మీద దురద దవడ దాకా పాకింది, అక్కడా రాశాను. నోటి చుట్టూ చిన్న చిన్న పొక్కులు లేస్తే వాటి మీదా అదే రాశాను. ఆ పొక్కులు ఆ మందు వల్లనే వస్తాయని నాకు తెలియదు.

2023 ఏప్రిల్‌లో ఫోన్‌లో ఒక వీడియో చూశాను. స్టెరాయిడ్ మలాం ఏళ్ల తరబడి వాడకూడదని, వెంటనే పారేయమని అందులో చెప్పారు. ఇంట్లో ఉన్న ట్యూబు తీసి డబ్బా చుట్టూ ఉన్న అక్షరాలు మొదటిసారి చదివాను. క్లోబెటసాల్ ప్రొపియొనేట్, ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్, టర్బినాఫిన్. ఆ మొదటి పేరు స్టెరాయిడ్‌దని వీడియోలో విన్నాను. ఆ రాత్రే ట్యూబు చెత్తబుట్టలో వేశాను. ఇక్కడ నేను చేసిన తప్పు ఇంకెవరూ చెయ్యవద్దనే ఇంత పొడవుగా రాస్తున్నాను. ఒక్కసారిగా, డాక్టర్‌ను అడగకుండా ఆపేశాను.

రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు సాయంత్రం మెడ దగ్గర వేడి మొదలైంది. దురద నాకు నలభై ఏళ్ల పరిచయం. ఇది అది కాదు. మిర్చి పొడి చల్లి ఎండలో నిలబెట్టినట్టు మంట. నాలుగో రోజుకు దవడ, మెడ, రెండు చేతులూ ఉబ్బాయి. నేనెప్పుడూ మలాం రాయని ముంజేతి కింది భాగం కూడా ఎర్రబారింది. మన చామనచాయ మీద ఎరుపు అంత తేలిగ్గా కనపడదు, ముదురు రంగుగా, కమిలినట్టుగా కనపడుతుంది. అందుకే ఇంట్లోవాళ్లకు ముందు అర్థం కాలేదు. ఆరో రోజు రసి కారింది. పొద్దున లేచేసరికి దిండు కవరు చర్మానికి అంటుకుపోయేది, నీళ్లతో తడిపి విడదీసుకునేవాణ్ణి. నా భార్య దుప్పటి దులిపితే రవ్వలా పొట్టు రాలేది. రాత్రిళ్లు చలి పుట్టేది, ఏప్రిల్ నెలలో, వరంగల్‌లో. ఫ్యాను ఆపమంటే పిల్లలకు చెమట. అందుకని నేను ఒక్కణ్ణే వంటింట్లో చాప వేసుకుని పడుకున్నాను. పడుకున్నాను అని రాస్తున్నాను గానీ నిద్ర లేదు. రాత్రి రెండింటికి లేచి తడిగుడ్డ కప్పుకుని కూర్చునేవాణ్ణి.

పదకొండో రోజు రాత్రి నడుచుకుంటూ పోయి మళ్లీ అదే ట్యూబు కొన్నాను. పూశాను. తెల్లారేసరికి మంట తగ్గింది. నాకు నిజంగా భయం వేసింది అప్పుడే. మంట వచ్చినప్పుడు ఏడుపు వచ్చింది గానీ ఇంత భయం వెయ్యలేదు. ఆ మందు లేకుండా నా చర్మం ఉండలేకపోతోందని ఆ పొద్దున అర్థమైంది.

మార్కెట్‌లో తూకం వేసే దడువాయి అన్న ఒకాయన నా చేతులు చూసి, "మా బిడ్డకు గిట్లనే అయింది తమ్మీ. హన్మకొండల స్కిన్ డాక్టరమ్మ ఉన్నది, రేపే పో, ఇగ దుకాణంల అడుగకు" అన్నాడు. పోయాను. ఆమె పేరు కూడా రాయను, రివ్యూ మందు మీద కదా. కానీ ఆమె చెప్పినవన్నీ రాస్తాను.

మొదటిరోజే ఒక పని చెప్పింది. "ఇంట్లో ఉన్న ట్యూబులు, ఖాళీవైనా సరే, అన్నీ తెచ్చి చూపించండి." క్యారీ బ్యాగులో ఏడు తీసుకెళ్లాను. నాలుగు వేర్వేరు పేర్లు ఉన్నాయి. ఒకటి పనిచెయ్యడం తగ్గినప్పుడల్లా "వేరే కంపెనీది ఇయ్యి తమ్మీ" అని మార్చేవాణ్ణి. ఆమె నాలుగూ వరుసగా బల్ల మీద పెట్టి వెనక్కి తిప్పింది. నాలుగింటి మీదా మొదటి పేరు ఒకటే, శాతం ఒకటే: క్లోబెటసాల్ ప్రొపియొనేట్, 0.05 శాతం. ఆరేళ్లు నేను మార్చింది డబ్బా రంగు మాత్రమే.

0.05 అంటే చాలా చిన్న అంకెలా కనపడుతుంది. నేను అదే అన్నాను, ఇంత తక్కువ శాతమే కదా మేడం అని. శాతాన్ని చూసి బలం లెక్కకట్టకూడదట. 1 శాతం హైడ్రోకార్టిసోన్ స్టెరాయిడ్ మలాముల్లో అన్నిటికంటే మెత్తనిది. 0.05 శాతం క్లోబెటసాల్ అన్నిటికంటే బలమైన వర్గంలో ఉంటుంది. తేజ మిర్చి చిటికెడు వేస్తే వచ్చే ఘాటు చపాట మిర్చి చెంచాడు వేసినా రానట్టే. ఈ పోలిక నాది, ఆమెది కాదు. మిర్చి మనిషిని కాబట్టి నాకు అట్లా అర్థమైంది. ఈ మందును వరుసగా రెండు వారాలకు మించి పూయకూడదు, వారానికి 50 గ్రాములు దాటకూడదు, 12 ఏళ్లలోపు పిల్లలకు వాడకూడదు. ఇవి ఆ మందుకు ఉన్న మామూలు హద్దులు. వారానికి 50 గ్రాములు నేనెప్పుడూ దాటలేదు. రెండు వారాల హద్దును ఆరేళ్లతో దాటాను.

మిగతా మూడు మందులు ఎందుకున్నాయని అడిగాను. ఓఫ్లాక్సాసిన్ బ్యాక్టీరియాకు, టర్బినాఫిన్ ఫంగస్‌కు, ఆర్నిడజోల్ ఇంకో రకం క్రిములకు. "మీకు ఫంగస్ లేదు, మీది ఎగ్జిమా. ఈ మూడూ మీకు అక్కరలేనివి" అన్నది. అప్పుడు మన మాట ఒకటి ఆమె పట్టుకుంది. మనం తామర అని రెండింటినీ అంటాం. గుండ్రంగా అంచు కట్టి పాకే ఫంగస్ కూడా తామరే, ఒంట్లోంచి వచ్చే, అంటుకోని ఎగ్జిమా కూడా తామరే. దుకాణంలో తామర అని అడిగితే వాళ్లు రెండింటికీ కలిపిన ట్యూబు ఇస్తారు. ఎగ్జిమా ఉన్నవాడికి అక్కరలేని మందులు పడతాయి. ఫంగస్ ఉన్నవాడి సంగతి ఇంకా చెడ్డది. స్టెరాయిడ్ అక్కడి రోగనిరోధక శక్తిని అణిచేస్తుంది, దురద తగ్గుతుంది, ఫంగస్ మాత్రం లోలోపల పాకుతుంది. గుండ్రటి అంచు చెరిగిపోయి, చూసిన డాక్టర్‌కు కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది. గజ్జల్లో దురదకు ఈ ట్యూబు రాసుకునే హమాలీలు మా మార్కెట్‌లో ఎంతమందో నాకు తెలుసు. వాళ్లలో చాలామందికి ఇప్పుడు అది నడుం దాకా పాకింది.

గజ్జలు అన్నాను కాబట్టి ఇంకో సంగతి. ఒంట్లో అన్నిచోట్లా చర్మం మందును ఒకేలా పీల్చుకోదు. 1967లో హైడ్రోకార్టిసోన్‌తో చేసిన పరీక్షలో ముంజేతితో పోలిస్తే నుదురు 6 రెట్లు, దవడ 13 రెట్లు, వృషణాల తిత్తి 42 రెట్లు పీల్చుకున్నాయి. అరికాలు మాత్రం ముంజేతిలో ఏడో వంతు కూడా పీల్చుకోలేదు. అరికాలికి ఇచ్చిన మందును ముఖానికి రాస్తే ఏమవుతుందో ఈ అంకెలే చెబుతాయి. కనురెప్పల మీద ఎక్కువకాలం రాస్తే కంట్లో ఒత్తిడి పెరిగి చూపు దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది, శుక్లాలు కూడా రావచ్చు.

మరి అంత తొందరగా ఎందుకు తగ్గుతుంది? ఆమె చెప్పినదాన్ని నా మాటల్లో రాస్తున్నాను. ఎగ్జిమాలో చర్మం లోపల పోరు నడుస్తుంటుంది, నెత్తురు ఎక్కువగా చేరుతుంది, అందుకే ఎరుపు, వాపు, జిల. స్టెరాయిడ్ ఆ పోరును ఆపుతుంది, సన్నటి రక్తనాళాలను బిగిస్తుంది. ఎరుపు తెల్లబడుతుంది. అదే మందు చర్మంలో దారుఢ్యాన్నిచ్చే కొల్లాజెన్ తయారీని కూడా తగ్గిస్తుంది. కొన్నాళ్లయితే ఫరవాలేదు, తిరిగి పుంజుకుంటుంది. ఏళ్లు గడిస్తే చర్మం పలచబడుతుంది, చారలు పడతాయి, నాళాలు పైకి తేలతాయి. ఇన్నేళ్లు బిగించి ఉంచిన నాళాలను ఒక్కసారిగా వదిలేస్తే అవి ఒక్కసారిగా తెరుచుకుంటాయి. నాకు పదకొండు రోజులు జరిగింది అదే. బ్రిటన్‌లో మందుల నియంత్రణ సంస్థ ఈ ఆపాక వచ్చే మంట గురించి 2021లో డాక్టర్లకూ జనానికీ హెచ్చరిక ఇచ్చింది. 2024లో అయితే ట్యూబుల మీద ఈ మందు బలం ఎంతో మామూలు మాటల్లో అచ్చు వెయ్యాలని నిర్ణయించింది. మన దగ్గర ట్యూబు మీద చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలు. తక్‌పట్టీ మీద మిర్చి రకం, బరువు, ధర తెలుగులో రాసి రైతు చేతికి ఇస్తాం. మందు మీద 'చాలా బలమైనది, రెండు వారాలే' అని తెలుగులో ఒక్క ముక్క రాయడం అంత కష్టమా?

రక్తపరీక్ష కూడా రాసింది. పొద్దున ఎనిమిదింటికి కార్టిసాల్. మన ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్ అది. బయటి నుంచి చాలాకాలం చాలా మందు ఇంకితే ఆ తయారీ మందగించవచ్చు. నాది మామూలు హద్దుల్లోనే, కింది అంచున వచ్చింది. నీరసం, కళ్లు తిరగడం ఉంటే వెంటనే చెప్పమన్నది.

ఇక మా చిన్నోడి సంగతి. ఇది రాయడానికి రెండు రోజులు పట్టింది. మొదటిరోజు మందులన్నీ రాసి, "ఇంట్లో ఇంకెవరన్నా ఇది వాడారా" అని అడిగింది. నా భార్య నా పక్కనే ఉంది. వాడికి అప్పుడు ఐదేళ్లు. మోకాళ్ల వెనక నాలాగే జిల. వాడు రాత్రిళ్లు గీరుకుని ఏడుస్తుంటే, నాన్నకు తగ్గింది కదా అని ఆమె నా ట్యూబులోదే రాసేది. ఏడాదిగా, వారానికి నాలుగైదు సార్లు. డాక్టరమ్మ కోప్పడలేదు. "రేపు బాబును తీసుకురండి" అని మాత్రం అన్నది. పిల్లల బరువుతో పోలిస్తే వాళ్ల చర్మం వైశాల్యం ఎక్కువ, అందుకే మందు ఒంట్లోకి ఎక్కువ చేరుతుంది, ఎదుగుదల కూడా మందగించవచ్చు అని మరుసటి రోజు చెప్పింది. వాడి ఎత్తు, బరువు కొలిచి స్కూలు పుస్తకంలో ఉన్న పాత కొలతలతో చూసింది. ఎదుగుదల బాగానే ఉంది. మోకాలి వెనక మాత్రం రెండు సన్నటి చారలు ఉన్నాయి. అవి పోవని చెప్పింది. పలచబడ్డ చర్మం కొంత కోలుకుంటుంది, చారలు మాత్రం ఉండిపోతాయి. ఇంటికి వచ్చాక నా భార్య రెండు రోజులు అన్నం తినలేదు. తప్పు ఆమెది కాదు. ట్యూబు ఇంట్లోకి తెచ్చింది నేను, పిల్లలకు పనికిరాదని మాకు చెప్పినవాళ్లు ఎవరూ లేరు.

వైద్యం ఎలా సాగిందో చెప్తాను, కానీ ఇది మీ చీటి అనుకోవద్దు, మీ చర్మం వేరు. నాకు ఒక్కసారిగా ఆపలేదు. బలమైనదాన్ని తీసేసి మధ్యరకం ఇచ్చింది, కొన్ని వారాలకు దాన్ని దినం విడిచి దినం, తర్వాత వారానికి రెండు రోజులు చేసింది. ముఖానికి, మెడకు స్టెరాయిడ్ లేని టాక్రోలిమస్ 0.1 శాతం. అది మొదటి ఐదారు రోజులు మండింది. మండుతుందని ముందే చెప్పింది కాబట్టి ఓర్చుకున్నాను. చర్మాన్ని పలచబరచకుండా దురదను తగ్గించే మందు ఒకటుందని ఆరేళ్లలో నాకెవరూ చెప్పలేదు. ఎంత రాయాలో కూడా అప్పుడే నేర్చుకున్నాను. చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండితే సుమారు అర గ్రాము, అది రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. నేను రాసేది దానికి మూడింతలు.

అన్నిటికంటే నాకు పనిచేసింది మాయిశ్చరైజర్. తెల్ల పారఫిన్, లిక్విడ్ పారఫిన్ కలిపినది, వాసన లేనిది. దీనికి మాత్రం ఐదుకు ఐదు ఇస్తాను. గోరువెచ్చని నీళ్లతో పది నిమిషాల్లో స్నానం ముగించాలి, నూలు తువాలుతో అద్దుకోవాలి, రుద్దకూడదు, మూడు నిమిషాల్లోపు ఒళ్లంతా రాసుకోవాలి. సున్నిపిండి మానేశాను. మార్కెట్ నుంచి రాగానే చొక్కా బయటే విప్పి, మిర్చి నూగు కడిగేసుకుని మళ్లీ రాసుకుంటాను. 400 గ్రాముల డబ్బా నెలకు అవుతుంది. ట్యూబుల ఖర్చుకంటే ఇదే ఎక్కువ, అబద్ధం చెప్పను. చేతిలో అంత డబ్బు లేనివాళ్లకు మామూలు పెట్రోలియం జెల్లీ కూడా పనిచేస్తుందని డాక్టరమ్మే చెప్పింది. చర్మం కుదుటపడటానికి ఎనిమిది నెలలు పట్టింది. మూడో నెలలో ఒకసారి, ఆరో నెలలో ఒకసారి మళ్లీ మంట లేచింది. ఆ రెండుసార్లూ షాపు వైపు పోకుండా ఫోన్ చేశాను.

ఇప్పుడు దుకాణం సేవ గురించి. నేను మొదట కొన్న ఆ షాపులో, ఆ తర్వాత వేరేచోట్ల, మొత్తం 168 సార్లలో ఒక్కసారి కూడా చీటి అడగలేదు. ఎంతకాలంగా వాడుతున్నావని ఒక్కసారి కూడా అడగలేదు. కేంద్ర ప్రభుత్వం 2018లో చర్మానికి పూసే పలు స్టెరాయిడ్ మందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టర్ చీటి లేకుండా అమ్మకూడదు. ట్యూబు లేబుల్ మీద ఎడమ పక్క ఎర్రటి నిలువు గీత ఉంటే దాని అర్థం అదే. నేను వాడిన ట్యూబుల మీద ఆ గీత ఉంది. నేను దాన్ని డిజైన్ అనుకున్నాను. అమ్మినతనికి దాని అర్థం తెలుసు. ఆ తమ్ముడు చెడ్డవాడు కాదు, అమ్మకు దమ్ము లేచిన రాత్రి పదకొండింటికి షట్టర్ తీసి మందు ఇచ్చాడు. అయినా ఈ విషయంలో అతను చేసింది తప్పు. ఆ మాట అతని ముందే అన్నాను. ఎవరికైనా ఇలాంటి అనుభవం ఉంటే రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్‌కు ఫిర్యాదు చెయ్యవచ్చు.

ట్యూబు కొనేముందు వెనక్కి తిప్పి పేర్లు చదవండి. ఇంగ్లీషు రాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లలతో చదివించండి. బీటామెథాసోన్, డెక్సామెథాసోన్, మొమెటాసోన్, ఫ్లూటికాసోన్, హైడ్రోకార్టిసోన్, చివర సోన్ అని వస్తే ఎక్కువగా అది స్టెరాయిడే. క్లోబెటసాల్, హాలోబెటసాల్ కూడా స్టెరాయిడ్లే. క్లోట్రిమజోల్, కీటోకోనజోల్ ఫంగస్ మందులు, అవి వేరు. పెళ్లికూతుళ్లకు తెల్లబడటానికి అని అమ్మే కొన్ని క్రీములు కూడా తిప్పి చూడండి. హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్‌తో పాటు మొమెటాసోన్ ఉంటుంది. మా అక్క బిడ్డ పెళ్లికి రెండు నెలల ముందు నుంచి అదే రాసుకుంటోందని తెలిసి నేనే పట్టుకుపోయి డాక్టర్‌కు చూపించాను. మంగు మచ్చలకు డాక్టర్ కొద్దిరోజులు రాసే మందు అది, రోజూ రాసుకునే పౌడర్ కాదు.

ఇంత రాశాక ఒక భయం ఉంది. ఇది చదివి ఎవరైనా డాక్టర్ రాసిన స్టెరాయిడ్‌ను కూడా పారేస్తారేమో. మా చెల్లె అదే చేసింది. నా చేతులు చూసి, తన బిడ్డకు డాక్టర్ ఐదు రోజులకు రాసిన మెత్తటి మందును కిటికీలోంచి విసిరేసింది. ఆ పిల్ల గీరుకుని గీరుకుని చీము పట్టించుకుంది, ఎంజీఎంకు (వరంగల్ ప్రభుత్వ ఆసుపత్రికి) తీసుకుపోవాల్సి వచ్చింది. హైడ్రోకార్టిసోన్ 1952లో చర్మ వైద్యంలోకి వచ్చింది. ఎగ్జిమాకు స్టెరాయిడ్ల కంటే తొందరగా పనిచేసే మందులు ఇప్పటికీ తక్కువే. ఏ బలం, ఏ చోట, ఎన్ని రోజులు అన్నది తెలిసిన మనిషి చెప్పాలి. మా చిన్నోడికి ఇప్పటికీ ఎండాకాలం ఒకటి రెండుసార్లు హైడ్రోకార్టిసోన్ నాలుగైదు రోజులు రాస్తాం, రోజులు క్యాలెండర్ మీద గీస్తాం, ఆపేస్తాం.

డాక్టర్ చీటి లేకుండా కౌంటర్ మీద దొరికే ఆ నాలుగు మందుల ట్యూబుకు నా రేటింగ్ ఐదుకు ఒకటి. ఆ ఒక్కటి ఆ మొదటి రాత్రి నిద్రకు. ఎగ్జిమాకు కొనవద్దు, పిల్లల దగ్గర ఉంచవద్దు, ఇప్పటికే నెలల తరబడి వాడుతుంటే ఈ రాత్రికే ఆపవద్దు, ముందు స్కిన్ డాక్టర్‌ను కలవండి. ఫీజుకు వెనకాడేవాళ్లకు ఎంజీఎంలో చర్మరోగాల విభాగం ఉంది.

నాకు ఇప్పుడు దురద లేచినప్పుడు వాడమని రాసిన మధ్యరకం ట్యూబు ఒకటి బీరువాలో ఉంటుంది. దాని మీద తెరిచిన తేదీ మార్కర్‌తో రాసుకుంటాను. ఈసారిది సంక్రాంతి మర్నాడు తెరిచాను. 15 గ్రాములదే. బతుకమ్మ పండుగ వచ్చింది, ఇంకా సగం ఉంది.